నోరు కుట్టొద్దు, మైకు పంచండి



కొన్నేళ్ల కిందట ఒక ప్రైవేటు ఎఫ్ఎంలో పొద్దుటి కార్యక్రమం నడుస్తోంది. ఊరి నుంచి పట్నానికి ఇంటిపనికి వచ్చిన ఆడమనిషి మాట్లాడినట్టు ఆర్జే గొంతు మార్చి మా యాసను వెక్కిరించాడు. వెనకాల నవ్వుల టేపు. నేను ఆటోలో ఉన్నాను. డ్రైవరూ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఆ కార్యక్రమం ఆపేయాలని, ఆ మనిషిని మళ్లీ మైకు ముందుకు రానివ్వొద్దని ఆ వారమంతా తిరిగి సంతకాలు పెట్టించాను.

ఒక కాగితం నిండి రెండోది మొదలయ్యేసరికి నాకే అనుమానం వచ్చింది. అతన్ని ఇంటికి పంపితే రేపు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. మా యాసలో బదులు చెప్పే మనిషికి మాత్రం ఆ రేడియోలో చోటు దొరకదు. సంతకాల కాగితాలు మడిచి లోపల పెట్టాను. అప్పటి నుంచి నేను అడుగుతున్నది వేరు: మైకు మాకూ పంచండి.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1998లో యునెస్కో సాయంతో రేడియో స్టూడియో ఏర్పాటు చేసుకున్నాయి. దళిత మహిళలు రికార్డింగు, ఎడిటింగు నేర్చుకున్నారు. గాలిలోకి పంపడానికి లైసెన్సు మాత్రం రాలేదు. పదేళ్ల పాటు తమ మాటలను క్యాసెట్లలో దాచుకొని, సంఘం కూర్చున్న చోట వినిపించుకున్నారు. 2006లో ప్రభుత్వ విధానం మారి, ఇలాంటి సంఘాలకూ లైసెన్సు దొరికే వీలు కలిగింది. 2008 అక్టోబరు 15న మాచునూర్ నుంచి సంఘం రేడియో మోగింది. జొన్న, కొర్ర, విత్తనం, వంట, పాట అన్నీ వాళ్ల మాటలోనే వచ్చాయి. యాసను వెక్కిరించే వాళ్లకు అంతకంటే మంచి జవాబు నేను వినలేదు.

ఆ పదేళ్లూ వాళ్లు ఎవరినీ తిట్టలేదు. అయినా నోరు తెరవక ముందే ఆపారు. వివాదాస్పద వ్యాఖ్యాతల నోరు మూయించాలా వద్దా అని వాదించుకునేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పటికీ సంఘం రేడియో లాంటి కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్త చెప్పకూడదు. కరెంటు కోత, నీళ్ల సరఫరా వంటివి స్థానిక అధికారులు ఇచ్చిన సమాచారం మేరకు ప్రకటించొచ్చు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇన్ని రోజులైనా ఎందుకు మార్చలేదని కరెంటు ఆఫీసు ఏఈని మైకు ముందు అడిగితే అది వార్త కిందికి వస్తుందేమో, లైసెన్సు మీదికి వస్తుందేమో అని వెనక్కి తగ్గాల్సిందే. 2001లో మొదలైన ప్రైవేటు ఎఫ్ఎంలకూ సొంత వార్తల మీద నిషేధమే. 2019లో ఆకాశవాణి వార్తలను ఒక్క అక్షరం మార్చకుండా తిరిగి వినిపించే వీలు మాత్రం ఇచ్చారు. అంటే మన రేడియోలో మనిషిని వెక్కిరించడానికి అనుమతి ఉంది, అధికారిని ప్రశ్నించడానికి లేదు. టీవీల్లో రోజంతా వార్తా చానళ్లు కేకలు వేస్తున్నాయి. రీచార్జి కూడా అక్కర్లేని, పొలం గట్టు మీద కూడా మోగే రేడియోకే ఈ కట్టడి ఎందుకు?

ఆ గాలి ఎవరిదో కోర్టు ఎప్పుడో చెప్పింది. హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసారం మీద 1993లో రేగిన తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న కోర్టు చెప్పింది. ప్రసారాల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం వాక్ స్వాతంత్ర్యానికి పొసగదని ఆ ధర్మాసనంలోని మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా రాశారు. పౌరుడికి మాట్లాడే హక్కుతో పాటు నలుగురి అభిప్రాయాలూ వినే హక్కు ఉందన్నది ఆ తీర్పు సారం. ముప్పై ఏళ్లు దాటింది.

రేడియోను వదిలేస్తే రువాండా అవుతుందని కొందరంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1994లో అక్కడ ఆర్టీఎల్ఎం అనే రేడియో టుట్సీ తెగవాళ్లను బొద్దింకలంది. మనుషుల పేర్లు, దాక్కున్న చోట్లు చదివింది. సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు. కానీ ఆ రేడియో ఎవరిది? దేశాధ్యక్షుడి చుట్టూ ఉన్నవాళ్లది. అంతకు ముందే దాన్ని హెచ్చరించిన సమాచార శాఖ మంత్రి ఫాస్టిన్ రుకోగోజాను మారణకాండ మొదలవగానే చంపేశారు. గొంతు నొక్కే అధికారం ఎవరి చేతిలో ఉందో విషం చిమ్మే రేడియో కూడా వాళ్ల అండలోనే ఉంది. అలాంటి చేతికి ఇంకో తాళం ఇవ్వమని నేను అడగలేను. పేర్లు చదివి చంపమనడం అభిప్రాయం కాదు, నేరం. ఆ రేడియో స్థాపకుల్లో ఇద్దరిని 2003లో రువాండా కోసం ఏర్పాటైన అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్ దోషులుగా తేల్చింది.

మన దగ్గరా చట్టం లేక కాదు. రాజ్యాంగం 19(2) అధికరణం హద్దులు గీసింది. వర్గాల మధ్య పగ రేపితే శిక్షించడానికి భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది. చర్చ వేరు, సమర్థన వేరు, నేరానికి ఉసిగొల్పడం వేరు అని సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో విడదీసి చెప్పింది. కమ్యూనిటీ రేడియోలు ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు భద్రపరచాలన్న నిబంధన కూడా ఉంది. సాక్ష్యం స్టేషన్‌లోనే ఉంటుంది. తప్పు మాట అన్నవాడిని కోర్టుకు తీసుకెళ్లడం చేతగాక అందరి మైకులూ కట్టేయడమంటే ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

నోరు మూయించడం ఎంత వరకు పోతుందో బ్రిటన్ చూపింది. 1988లో ఉత్తర ఐర్లాండ్‌లోని సిన్ ఫెయిన్ వంటి సంస్థల ప్రతినిధుల గొంతు రేడియోలో, టీవీలో వినిపించకూడదన్నారు. దాంతో మాటలు అవే, గొంతు మాత్రం అద్దె నటుడిది. 1994లో ఆ నిషేధం ఎత్తేశారు.

అమెరికాలో 2007లో డాన్ ఐమస్ అనే రేడియో వ్యాఖ్యాత రట్గర్స్ విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ జట్టును జాతి పేరుతో నీచంగా అవమానించాడు. ప్రకటనదారులు తప్పుకున్నారు, సీబీఎస్ అతన్ని తీసేసింది. కొన్ని నెలలకే మరో స్టేషన్‌లో తేలాడు. నాకు ఆ ఉద్యోగం సంగతి కంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆ అమ్మాయిలు విలేకరుల ముందు కూర్చొని తామెవరో తమ నోటితో చెప్పారు, దేశం విన్నది. మా యాసను వెక్కిరించిన రోజు మాకు కావలసింది అలాంటి మైకే.

ప్రైవేటు ఎఫ్ఎంలను గంటకు పది నిమిషాలు వార్తలు, వర్తమాన విషయాలు చెప్పనివ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫార్సు చేసింది. దాన్ని అమలు చేయాలి, కమ్యూనిటీ రేడియోకూ వర్తింపజేయాలి. ఏ వ్యాఖ్యాతనైనా, ఏ స్టేషన్‌నైనా ఆపాలంటే కోర్టు ఉత్తర్వు ఉండాలి, అధికారి ఫోన్ కాల్ చాలదు. రేడియోలో అవమానం పాలైన వాళ్లకు అదే కార్యక్రమంలో, అదే వేళలో బదులు చెప్పే సమయం ఇవ్వాలి. మాకు నచ్చని గొంతుకూ ఈ రక్షణ ఉండాలని తెలిసే అడుగుతున్నాం. ఆ ఆర్జేకు కూడా.

మీ ఎంపీకి ఈ వారమే ఒక ఉత్తరం రాయండి. ఈ మూడు కోరికలూ మీ మాటలో, మీ యాసలో రాయండి. కింద మీ ఊరి పేరు రాసి సంతకం పెట్టండి.

ఇట్లు,
ఒక శ్రోత