గృహ విజ్ఞానము: నిద్రపోని భోషాణము

మన పెద్దలు దస్తావేజులను, వెండి గిన్నెలను భోషాణంలో దాచేవారు. పెండ్లి ఫోటోలు, తాతగారి మాటల రికార్డింగు, పిల్లల సర్టిఫికెట్ల నకళ్ళు దాచుకొనుటకు నేడు కొన్ని ఇండ్లలో హోమ్ సర్వరు ఉన్నది. ఒక చిన్న కంప్యూటరు, రెండు హార్డ్ డిస్కులు, అంతే. ఇంటిల్లిపాదీ ఫోన్లలో నుండి దానిని వాడుకొందురు. కాని పాత భోషాణం తిండి అడగలేదు. ఇది రేయింబవళ్ళు కరెంటు తినును.

ముందు ఒక చిన్న లెక్క. ఏడాదికి 8,760 గంటలు. ఒక్క వాటు ఏడాది పొడవునా ఖర్చయితే 8.76 యూనిట్లు; 10 వాట్లయితే సుమారు 88 యూనిట్లు. గృహిణులు బియ్యంలో రాళ్ళేరినట్లు వాట్లను ఏరవలసినది ఇందుకే.

ప్రాసెసరు కొనబోయేవారు టీడీపీ అనే అంకెను చూతురు. ఇంటెల్ ఎన్100 కు అది 6 వాట్లు. ఏఎండీ అథ్లాన్ 3000జీ కి 35 వాట్లు. రెండవది ఆరింతలు తినునని భ్రమపడరాదు. గట్టిగా పనిచేయునపుడు పుట్టే వేడిని బట్టి, చల్లబరచు ఏర్పాటు కొరకు ఇచ్చిన అంకె అది. ఇంటి సర్వరుకు రోజులో ఎక్కువ భాగం పనే ఉండదు. ఆ వేళ నేటి ప్రాసెసర్లు తమలోని భాగాలను నిద్రపుచ్చుకొనును. అప్పుడు వీటి మధ్య తేడా కొద్ది వాట్లే.

అసలు తిండిపోతులు వేరే ఉన్నవి. తిరుగుచున్న పెద్ద హార్డ్ డిస్కు ఒక్కొక్కటి సుమారు 5 వాట్లు తీసుకొనును. 500 వాట్ల పవర్ సప్లైని 20 వాట్ల పనికి పెట్టినచో, పిడికెడు బియ్యానికి పెండ్లి గుండిగ పొయ్యి మీద పెట్టినట్లే, వృథా ఎక్కువ.

కనుక పెట్టె మీది అంకెను నమ్మక, గోడ వద్ద కొలవండి. ప్లగ్గుకు తగిలించే చిన్న మీటర్లు దొరుకును. లేనిచో ఇంటిలో మిగిలినవన్నీ ఆపి, కరెంటు మీటరులోని ఎర్రదీపం చూడండి. దానిపై యూనిటుకు 3200 ఇంపల్సులని ఉన్నచో, పావుగంటలో 24 సార్లు వెలిగితే ఖర్చు 30 వాట్లు.

పాత కంప్యూటరు 45 వాట్లు, కొత్తది 20 వాట్లు తీసుకొనునని అనుకొందాము. ఆదా ఏడాదికి 219 యూనిట్లు. యూనిటు 7 రూపాయల చొప్పున 1,533 రూపాయలు. కొత్తదానికి 15,000 పెట్టినచో ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు దాదాపు పదేండ్లు! పాతది బాగున్నంత కాలం దానినే వాడండి. రాత్రివేళ దానంతట అదే ఆగి, ఉదయం లేచునట్లు అమర్చండి. ఎలాగూ కొత్తది కొనవలసినవారు మాత్రం, తక్కువ వాట్లది, చిన్న పవర్ సప్లైతో కొనండి.

మిగిలిన డబ్బుతో ఇంకొక డిస్కు కొని, అన్నిటికీ రెండవ నకలు తీసి, వేరే ఊరిలోని అన్నగారింటనో అక్కగారింటనో ఉంచండి. దానికి కరెంటు అక్కరలేదు.