‘ఉమర్ హో గయీ’ అనేవాళ్ళకు ఒక గోల్‌కీపర్ జవాబ్

మన ఇళ్ళల్లో ఒక మాట బాగా చెల్లుతుంది: ‘ఉమర్ హో గయీ’. నలభై దాటినవాళ్ళు దేనికైనా షౌక్ పడితే చాలు, ఈ మాట విసిరేస్తాం. 2018 వరల్డ్ కప్‌లో ఈజిప్టు గోల్‌కీపర్ ఎసామ్ అల్ హదరీ ఆడినప్పుడు కూడా ‘రికార్డు కోసం బూఢేమియాకు ఖైరాత్ ఇచ్చారు’ అన్నవాళ్ళున్నారు. నా ఝగడా ఆ ‘ఖైరాత్’ అనే లఫ్జ్‌తోనే.

భాయీ, ముందు హిసాబ్ చూడండి. 1996లో ఆయన జాతీయ జట్టులోకి వచ్చాడు. 1998, 2006, 2008, 2010లో ఆఫ్రికా కప్ గెలిచిన నాలుగు జట్లలోనూ ఉన్నాడు. 2006 కైరో ఫైనల్ పెనాల్టీల దాకా పోతే, ద్రోగ్బా అంతటివాడి బంతిని ఆపాడు. ఇంత చేసినా వరల్డ్ కప్ నసీబ్ కాలేదు. 2009 నవంబర్‌లో సూడాన్ గడ్డ మీద అల్జీరియా చేతిలో ఒక్క గోల్‌తో ఆ దర్వాజా మూసుకుపోయింది. అప్పటికి ఆయనకు 36 ఏళ్ళు. ఇంట్లో కూర్చుంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు.

కూర్చోలేదు. 2017 ఆఫ్రికా కప్ నాటికి 44. మొదటి మ్యాచ్‌లోనే అసలు కీపర్ గాయపడితే ఈయన్ని దించారు. అది జట్టు మజ్బూరీ, ఈయన మీద మెహర్బానీ కాదు. సెమీఫైనల్లో బుర్కినా ఫాసో పెనాల్టీలు రెండు ఆపి జట్టును ఫైనల్‌కు చేర్చాడు. ఫైనల్లో కామెరూన్ గెలిచింది, అది వేరే సంగతి.

ఆయన ఫరిష్తా ఏమీ కాదు. 2008లో అల్ అహ్లీ క్లబ్బు ఒప్పుకోకుండానే స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు, ఫిఫా నాలుగు నెలలు ఆట నుంచి నిషేధించింది. ఆ గల్తీని కప్పిపుచ్చను. కానీ గల్తీకి సజా ఉండాలి గానీ, ఉమర్‌కు సజా ఏమిటి?

ఇక ఆ ‘ఖైరాత్’ మ్యాచ్. 2018 జూన్ 25, వోల్గోగ్రాడ్, ఎదురుగా సౌదీ అరేబియా. హదరీ వయసు 45 ఏళ్ళ 161 రోజులు. అంతకుముందు వరల్డ్ కప్‌లో ఆ ఉమర్‌లో ఎవరూ ఆడలేదు. రెండు జట్లూ అప్పటికే బయటికి పోయాయి, అందుకే దించారంటారు. మాన్ లియా. కానీ పెనాల్టీ కొట్టేవాడు కీపర్ తెల్లవెంట్రుకలు చూసి మెల్లగా కొడతాడా? ఫహద్ అల్ మువల్లద్ గట్టిగానే కొట్టాడు. హదరీ చేత్తో పైకి నెట్టాడు, బంతి బార్‌కు తగిలింది. తర్వాతి పెనాల్టీ ఆపలేకపోయాడు, ఈజిప్టు 2-1తో ఓడింది. అయినా ఆ ఒక్క సేవ్ ఎవరూ దానం ఇచ్చింది కాదు.

బుజుర్గ్ అని ఆటలో చోటివ్వమని నేననడం లేదు. బుజుర్గ్ అని చోటు లాక్కోవద్దంటున్నా. పని చూడండి, చేతనైతే ఆడనివ్వండి. రేపు మీ ఇంట్లో నలభై ఏళ్ళ ఆపా ‘డిగ్రీ పరీక్షకు ఫీజు కడతా’ అంటే, ‘ఉమర్ హో గయీ’ అనేముందు ఒక్కసారి జబాన్ ఆపుకోండి.