కుక్కపిల్ల ఆరోగ్యం – పశుపోషణ విస్తరణలో విస్మరించిన అంశం

2016 అక్టోబరులో జిల్లా కేంద్రంగా మారిన మెదక్ పట్టణం నేటికీ పొలాల నడుమనే ఉంది. ఘనపురం ఆనకట్ట కాలువల కింద వరి పండుతుంది. కోతలైన పిదప ఆ మళ్లలోనే గొల్ల, కురుమల మందలు దిగుతాయి. మంద వెంట కుక్క, దాని వెంట పిల్లలు ఉండడం పరిపాటి. పట్టణంలోని కొత్త కాలనీలకు హైదరాబాదు నుండి కొని తెచ్చిన జాతి కుక్కపిల్లలూ చేరుతున్నాయి. మంద కాచే కుక్కకు, మేడలో పెరిగే కుక్కకు పోషణలో ఎంతో తేడా ఉన్నా, తొలి పదహారు వారాలలో రెండింటికీ కావలసిన ఆరోగ్య రక్షణ ఒక్కటే. ఆ రక్షణను గురించిన సమాచారం విస్తరణ సేవల ద్వారా రైతుకు అందడం అరుదు. పాడిపశువు, గొర్రె, కోడి విస్తరణ కార్యక్రమాలలో చోటు సంపాదించుకోగా, అదే పాకలో పడుకునే కుక్క మాత్రం ‘పెంపుడు జంతువు’ అనే పేరుతో వాటికి వెలుపలనే ఉండిపోయింది. ఈ విభజనకు శాస్త్రీయ ఆధారం లేదు.

తొలి పదహారు వారాలు

కుక్కపిల్లను తల్లి నుండి ఎనిమిది వారాల లోపు వేరు చేయరాదు. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు కూడా ఆ వయస్సు నిండని పిల్లల అమ్మకాన్ని నిషేధిస్తున్నాయి. కుక్కపాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కంటె రెట్టింపుగా ఉంటాయి. కనుక ముందుగానే వేరు చేసి ఆవుపాలతో పెంచిన పిల్ల విరేచనాలతో నీరసించడం సహజం.

జున్నుపాల ద్వారా తల్లి నుండి సంక్రమించిన ప్రతిరక్షకాలు పిల్లను తొలి వారాలలో కాపాడతాయి. అయితే అవే టీకాను కూడా నిర్వీర్యం చేస్తాయి. అవి ఏ పిల్లలో ఏ వారానికి తగ్గిపోతాయో ముందుగా చెప్పలేము. ఈ కారణంగానే పార్వో, డిస్టెంపర్ టీకాలను ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో ప్రారంభించి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు ఇవ్వాలి. ‘ఒక సూది వేయించాము, ఇక భయం లేదు’ అనే భావనే అనేక కుక్కపిల్లల మరణానికి మూలం. 1978లో గుర్తించిన పార్వో వైరసు నేలలో నెలల తరబడి నిలిచి ఉండగలదు. వాంతులు, రక్త విరేచనాలతో మొదలై, చికిత్స అందకపోతే కొద్ది రోజులలోనే ప్రాణం తీస్తుంది. ఒక పిల్ల మరణించిన ఇంటికి వెంటనే మరొక పిల్లను తెచ్చుకోవడం వలన ఆ దుఃఖమే పునరావృతమవుతుంది. టీకాను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచవలసిన అవసరాన్ని కూడా యజమానికి చెప్పాలి. మందుల దుకాణం నుండి మంచు లేకుండా సంచిలో తెచ్చిన టీకా రక్షణ ఇస్తుందన్న భరోసా లేదు.

ఏలికపాములు తల్లి గర్భంలో ఉండగానే పిల్లకు సంక్రమిస్తాయి; కొంకి పురుగులు పాల ద్వారా చేరి రక్తహీనత కలిగిస్తాయి. అందుచేత నట్టల నివారణ మందును రెండవ వారం నుండి ఎనిమిదవ వారం వరకు రెండు వారాలకొకసారి, ఆపైన ఆరు నెలల వయస్సు వరకు నెలకొకసారి, బరువును బట్టి పశువైద్యుని సలహాపై తాగించాలి. పిడుదులు రక్తం పీల్చడంతో ఆగక ఎర్లిఖియా, బబీసియా వంటి వ్యాధులను మోసుకువస్తాయి. కనుక ఒంటిపై వాటిని ఏరివేయడంతో పాటు, పాక గోడల పగుళ్లను కూడా శుభ్రపరచాలి.

మంద ఆరోగ్యంతో ముడి

పశుసంవర్ధక శాఖ గొర్రెలకు, మేకలకు సామూహికంగా నట్టల నివారణ మందు తాగిస్తున్నది. ఇది మెచ్చదగిన పని. అయితే కొన్ని బద్దె పురుగుల జీవితచక్రం గొర్రె వద్ద తెగదు, కుక్క వద్దనే తెగుతుంది. గొర్రెను కోసినప్పుడు నీటిబుడగలు పట్టిన ఊపిరితిత్తులను, కాలేయాన్ని పారవేస్తే వాటిని తిన్న కుక్క పేగులలో హైడాటిడ్ బద్దె పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలం ద్వారా గడ్డికి చేరి తిరిగి గొర్రెకు, కుక్కపిల్లతో ఆడుకునే చిన్నారి చేతుల ద్వారా మనిషికి సోకుతాయి. గొర్రె తలను ఒకవైపుకు వాల్చి గుండ్రంగా తిరిగే మెదడు తిత్తి వ్యాధి మూలం కూడా కుక్క పేగులోని మరొక బద్దె పురుగే. ఈ తిత్తులు ఏర్పడిన తరువాత గొర్రెలకు సాధారణంగా తాగించే మందు వాటిని తొలగించదు. పశువు ఈనినప్పుడు పడిన మావిని తినే కుక్క ద్వారా నియోస్పోరా అనే పరాన్నజీవి వ్యాపించి, ఆవులు ఈసుకుపోవడానికి దారి తీయవచ్చు. కనుక కుక్కకు ప్రాజిక్వాంటెల్ మందు ఇవ్వడం, పచ్చి అవయవాలు దానికి అందకుండా పూడ్చివేయడం మంద ఆరోగ్య కార్యక్రమంలో భాగాలే. వాటిని కుక్కల ప్రేమికుల వ్యవహారంగా చూడడం తగదు.

రేబిస్ – చిన్న కాటు, పెద్ద ప్రమాదం

మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తున్నదని, ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కుక్కల ద్వారా సోకే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించేందుకు భారత ప్రభుత్వం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. కుక్కలలో 70 శాతానికి టీకా అందినప్పుడే వ్యాధి వ్యాప్తి ఆగుతుంది. పిల్లకు పన్నెండు వారాల వయస్సులో రేబిస్ టీకా, ఏడాది తరువాత మరొక మోతాదు అవసరం.

మూడు నెలలు నిండని పిల్లకు కూడా రేబిస్ సోకగలదు. ‘చిన్న పిల్ల, పాల పళ్లు, ఏమవుతుందిలే’ అని గీతను పట్టించుకోకపోవడం ప్రాణాంతకం. పిల్ల వయస్సు ఎంతైనా, గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సున్నం, కారం పూయడం వలన కాలయాపన తప్ప ప్రయోజనం లేదు. వ్యాధి లక్షణాలు కనిపించిన తరువాత బ్రతికించడం దాదాపు అసాధ్యం.

అభ్యంతరాలు – సూచనలు

పశువైద్య సిబ్బంది పరిమితమని, పాడిపశువుల పనికే వారికి తీరిక చాలదని వచ్చే అభ్యంతరం అర్థవంతమైనదే. అయితే ఇక్కడ కోరుతున్నది వేరొక పథకాన్ని కాదు. గొర్రెలకు మందు తాగించే రోజునే మంద వెంట ఉన్న కుక్కలకు, పిల్లలకు తగిన మందు ఇవ్వవచ్చు. సంచార పశువైద్య శిబిరాలలో రేబిస్ టీకాను చేర్చవచ్చు. ఖర్చును పేద గొర్రెల కాపరి భరించలేడనే మాట కూడా నిజమే. కనుక రేబిస్ టీకా, బద్దె పురుగుల మందులను ప్రజారోగ్య వ్యయంగా పరిగణించి ఉచితంగా అందించడం న్యాయం. జాతి కుక్కపిల్లను వేల రూపాయలతో కొన్న యజమాని మిగిలిన టీకాల ఖర్చును తానే భరించగలడు.

కౌడిపల్లి మండలం తునికిలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు గొర్రెల పెంపకందారుల శిక్షణలో ఈ అంశానికి ఒక గంట కేటాయించినా ఫలితం ఉంటుంది. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో పాల్గొనే విద్యార్థులు తాము సేకరించే పశుగణన పట్టికలో కుక్కలు, వాటి పిల్లలు, టీకాల వివరాలు అనే మూడు గడులు చేర్చుకోవాలి. పశువైద్య విశ్వవిద్యాలయం ఒక పుట కరపత్రాన్ని తెలంగాణ పలుకుబడిలో ముద్రించి ఇస్తే, పాల సేకరణ కేంద్రం గోడపైనే అది కాపరికి, గృహిణికి చేరుతుంది.

పాకలో ఉన్న ప్రతి ప్రాణి ఆరోగ్యం మిగిలిన ప్రాణుల ఆరోగ్యంతో ముడిపడి ఉంది. కుక్కను లెక్కలోకి తీసుకోని గొర్రెల ఆరోగ్య కార్యక్రమం సగం పనిగానే మిగులుతుంది. ఆ మిగిలిన సగానికి ఆరంభం కుక్కపిల్ల తొలి పదహారు వారాలలోనే ఉన్నది.