కావలికి కావలి

విద్యార్థి తన పరీక్షపత్రమును తానే దిద్దుకొని, తనకు తానే మార్కులు వేసికొనుటకు ఏ పాఠశాలయు అంగీకరింపదు. విద్యార్థియందు నమ్మకము లేక కాదు, పరీక్షాధర్మమే అట్టిది. పౌరుల సంభాషణలను రహస్యముగా వినెడి అధికారమునకు మాత్రము మన దేశమున ఈ చిన్న ధర్మము నేటికిని వర్తించుట లేదు.

1885 నాటి టెలిగ్రాఫు చట్టము పరప్రభుత్వము తన అవసరమునకు చేసికొన్నది. ఆ చట్టము క్రింద టెలిఫోను సంభాషణలను వినుటకు 1996లో సుప్రీంకోర్టు హద్దులు విధించినది. హోం కార్యదర్శి ఇచ్చిన ఉత్తరువును రెండు నెలలలో ఒక సమీక్షాసంఘము పరిశీలింపవలెనన్నది. ఆ సంఘమున నున్న వారెవరు? కేంద్రమున కాబినెట్ కార్యదర్శియు, మరి ఇరువురు కార్యదర్శులును. రాష్ట్రములందును కార్యదర్శులే. న్యాయమూర్తి లేడు, వెలుపలివాడు ఒక్కడును లేడు. 2023లో క్రొత్త టెలికమ్యూనికేషనుల చట్టము వచ్చినది. 2024లో దాని నిబంధనలు వచ్చినవి. ఈ కూర్పు మాత్రము మారలేదు.

ఈ సమీక్ష విలువ యెంతయో లెక్క వేసి చూడవచ్చును. కేంద్రప్రభుత్వము నెలకు 7,500 మొదలు 9,000 వరకు ఇట్టి ఉత్తరువులు జారీచేయుచున్నట్లు సమాచారహక్కు దరఖాస్తు వలన తెలిసినదని 2018లో జస్టిస్ శ్రీకృష్ణ సంఘము తన నివేదికలో పేర్కొన్నది. రెండు నెలలకొకసారి కూడెడి సంఘము ఒక్కొక్క సమావేశమున కనీసము 15,000 చూడవలెను. పది గంటలు విరామము లేక కూర్చున్నను, ఒక్కొక్క దానికి రెండున్నర సెకనులైనను చిక్కవు. దీనిని పరిశీలన యందుమా?

ఇప్పుడు కంపెనీల సాధనములును తోడైనవి. ఇజ్రాయెల్‌కు చెందిన ఒక కంపెనీ, పెగసస్ అను సాధనమును ప్రభుత్వములకే విక్రయింతుమని చెప్పుచు వచ్చినది. అది మన పాత్రికేయుల ఫోనులపై ప్రయోగింపబడినదను ఆరోపణపై 2021లో సుప్రీంకోర్టు నిపుణుల సంఘమును నియమించినది. పరీక్షించిన 29 ఫోనులలో ఐదింట హానికరసాధనము కానవచ్చినది. అది పెగససే యని నిర్ధారణ కాలేదు. ప్రభుత్వము సహకరింపలేదని సంఘము తెలిపినట్లు 2022లో ప్రధానన్యాయమూర్తి ఎన్. వి. రమణ ప్రకటించిరి. అమ్మినవాడు కొన్నవాని పేరు చెప్పడు. అడిగినచో ప్రభుత్వము పలుకదు. నడుమ పౌరునకు దిక్కెవరు?

తెలుగునాటను ఈ చింత లేకపోలేదు. 2024లో హైదరాబాదున నమోదైన ఫోనుల కేసులో పోలీసు అధికారులే నిందితులైరి. నిజానిజములను న్యాయస్థానము తేల్చవలెను. కాని ప్రభుత్వము మారిన పిదపనే ఆ కేసు పుట్టినదన్న సంగతి గమనింపదగినది.

దేశరక్షణకు రహస్యము వలదా యని కొంద రడుగుదురు. వలయును. అయినను అపరాధినుండి దాచవలసినదానిని న్యాయమూర్తినుండి దాచనేల? మనకు టెలిగ్రాఫు చట్టమును మిగిల్చిపోయిన బ్రిటనులోనే, 2016 చట్టము ననుసరించి, మంత్రి ఇచ్చిన ఉత్తరువును ఉన్నత న్యాయపదవి నిర్వహించిన కమిషనరు ఆమోదింపవలెను; అత్యవసరములందు తప్ప ఆ ఆమోదము లేక అది అమలునకు రాదు.

గోప్యత ప్రాథమికహక్కని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ హక్కు బ్రదుకవలెనన్నచో ఉత్తరువును ముందుగా న్యాయమూర్తి చూడవలెను. ఎన్ని ఉత్తరువులు అమలైనవో ప్రభుత్వమును, కంపెనీలును ఏటేట పార్లమెంటునకు లెక్క చెప్పవలెను. కంచెయే చేను మేసినచో చెప్పువాడు కంచెకు వెలుపల నుండవలెను గదా!