గిటార్ మీద జిట్రేగి కలప.. అరకు, బొబ్బిలికి ఓ దారి ఉందా?

ఎలక్ట్రిక్ గిటార్ వీడియో ఏదైనా ఒక్కసారి పాజ్ చేసి చూడండి. ఎడమ చెయ్యి పరిగెత్తే ఆ ముదురు గోధుమ రంగు పట్టీని ఫ్రెట్‌బోర్డ్ అంటారు. చాలా గిటార్లకు అది రోజ్‌వుడ్. అందులో పేరున్న రకం ఇండియన్ రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి. తూర్పు కనుమల అడవుల్లో పెరిగే చెట్టే.

ప్రపంచవ్యాప్తంగా చిన్న షెడ్డులో ఒక్కరే కూర్చుని, ఆర్డర్ మీద గిటార్లు చేసేవాళ్లున్నారు. వీళ్లను లూథియర్లు అంటారు. పెద్ద కంపెనీ గిటార్ కంటే వీళ్ల గిటార్‌కు ఎక్కువ ధర పలకడం మామూలే. మరి ఆ కలప పెరిగే కొండల్లో ఉన్నవాళ్లకు దక్కేదెంత?

ముక్క మీద గొడవ

2011లో అమెరికాలోని గిబ్సన్ గిటార్ ఫ్యాక్టరీల్లో అధికారులు సోదాలు చేశారు. కారణం, ఇండియా నుంచి వెళ్లిన రోజ్‌వుడ్ ముక్కలు. మన దేశం నుంచి రోజ్‌వుడ్ దుంగలు, కోసిన కలప ఎగుమతి చేయడానికి వీల్లేదు. మరి ఫ్రెట్‌బోర్డ్ కోసం సన్నగా కోసిన పట్టీని 'కోసిన కలప' అనాలా, 'వాయిద్యం భాగం' అనాలా? గొడవంతా అక్కడే నడిచింది.

ఆ తర్వాత రూల్స్ ఇంకా బిగిశాయి. అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారంపై 'సైటీస్' అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ జాతులన్నీ దాని కిందకి వచ్చాయి. గిటార్ సరిహద్దు దాటాలన్నా పేపర్లు కావాల్సి వచ్చింది. వాయిద్యాల తయారీదారులు గట్టిగా అడగడంతో 2019 నవంబర్‌లో సడలింపు ఇచ్చారు. పూర్తిగా తయారైన వాయిద్యాలకు, పూర్తయిన విడిభాగాలకు సైటీస్ పర్మిట్ అక్కర్లేదు. ముడి కలపకు మాత్రం కావాల్సిందే.

అసలు పాయింట్ ఇదే. కలపగా పంపితే అడుగడుగునా అడ్డం. వాయిద్యంగా పంపితే దారి చాలా వరకు క్లియర్. కలప ఎక్కడిదో చూపే పత్రాలు మాత్రం ఇక్కడ ఎలాగూ ఉండాలి. అంటే చెట్టున్న చోటే వాయిద్యం తయారైతే లాభం అని రూలే చెబుతోంది.

చేతులు ఎక్కడున్నాయి?

అరకు కొండలు దిగి విజయనగరం జిల్లా వైపు వస్తే బొబ్బిలి. పక్కనే గొల్లపల్లి. తరాలుగా వీణలు చేసే సర్వసిద్ధి కుటుంబాల ఊరు. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. మైనం మీద 24 మెట్లు ఒక్కొక్కటీ స్వరం చూసుకుంటూ కూర్చోబెడతారు. గిటార్‌లో మెట్లు కొలత ప్రకారం గాడిలో దిగుతాయి, అంతే తేడా. కలప ఎంచడం, ఆరబెట్టడం, చెక్కడం, తీగ సరిచూడటం.. గిటార్‌కు కావాల్సిన పనితనంలో చాలా భాగం ఇక్కడ ఆల్రెడీ ఉంది.

బొబ్బిలి వీణకు జీఐ గుర్తింపు కూడా ఉంది. కానీ షోకేసులో పెట్టుకునే బుల్లి గిఫ్ట్ వీణలు చేసుకుంటూ బతుకు నెట్టుకొస్తున్న కళాకారులున్నారు. వాయించడానికి కాదు, శాలువాతో పాటు ఇవ్వడానికి! లూథియర్ తన గిటార్ తల మీద సొంత పేరు వేసుకుంటాడు. ఇక్కడ ఊరికి పేరొచ్చింది, చేసిన మనిషికి రాలేదు.

అడవి కొట్టేద్దామా? అస్సలు కాదు

జిట్రేగి నెమ్మదిగా పెరిగే చెట్టు, ముప్పున్న జాతుల లిస్టులో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కు ఇచ్చింది, కలప మాత్రం అందులో లేదు. కాబట్టి అడవిలోని జిట్రేగి వాళ్లకు ఆదాయం కాదు, కాకూడదు కూడా.

ఇక్కడే ఎలక్ట్రిక్ గిటార్ కలిసొస్తుంది. వీణకు, మామూలు గిటార్‌కు బోలు కాయే ప్రాణం. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ ఉంటాయి. ఇనుప తీగ కదలికను కరెంటుగా మార్చేది అదే. అందుకే బాడీకి ఫలానా కలపే కావాలన్న పట్టు లేదు. గట్టిగా ఉండి, ఆరాక వంగకపోతే చాలు. పెరట్లోని పనస కూడా పనికొస్తుంది.

అరకు కాఫీనే చూడండి. గింజగా అమ్మినన్నాళ్లు ఎవరికీ పట్టలేదు. బ్రాండ్‌గా మారి 2017లో పారిస్‌లో షాపు తెరిచింది. 2019లో జీఐ వచ్చింది. చెట్టు మారలేదు, అమ్మే పద్ధతి మారింది.

వాయిద్యాలకూ అంతే. పట్టా భూముల్లో పనస, జిట్రేగి నాటించి, కోతకు సులువుగా అనుమతి ఇవ్వాలి. గొల్లపల్లి కుర్రాళ్లకు గిటార్ పనిలో ట్రైనింగ్ కావాలి. ప్రతి వాయిద్యం మీద చేసిన మనిషి పేరుండాలి. చెట్టు ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. చేతుల విషయంలో అంత టైమ్ లేదు. ఈ తరం ఉలి వదిలేస్తే నేర్పడానికి ఇంకొకరుండరు.