ఒక ఊరి పబ్బు, మన ఊరి అరుగు

తల్లినుడి మాట ఎత్తినప్పుడల్లా బడి, కోర్టు, ప్రభుత్వ ఉత్తర్వు అనే మూడింటి చుట్టే మనం తిరుగుతాం. న్యాయవాదిగా నేనూ వాటి చుట్టూ తిరిగేవాణ్ణే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో అందించే ఏర్పాట్లు చేయాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం మీద మినహాయింపు కోసం మనవాళ్లు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. ఆ పోరాటం ఆగకూడదు. అయితే ఏ పిటిషనులోనూ అడగలేనిది ఒకటుంది. అది నలుగురు తీరిగ్గా కూర్చుని తెలుగులో ముచ్చటించుకునే చోటు.

చిత్తూరు జిల్లాలో నీవా అనిపించుకున్న ఏరు ఎల్ల దాటి వచ్చి పొన్నై అవుతుంది. ఏటికి పేరు మారినంత తేలికగా మనిషికి నుడి మారదని అనుకుంటాం. ఇక్కడి టీ అంగడిలో ఒక గంట కూర్చుంటే ఆ నమ్మకం సడలిపోతుంది. పెద్దవాళ్లు తమలో తాము తెలుగే మాట్లాడుకుంటుంటారు. కాలేజీ కుర్రవాడొకడు వచ్చి బెంచీ చివర కూర్చోగానే మాట తమిళంలోకి మళ్లుతుంది. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ అడ్డుకోలేదు. ఆ కుర్రవాడిదీ తెలుగిల్లే. ఇందులో తమిళ సోదరులను తప్పుపట్టవలసింది ఏమీ లేదు.

ఇటువంటి ఇరకాటమే ఎదురైన మరో ఊరి సంగతి మన పాఠకులకు చెప్పాలనిపించింది. బ్రిటన్‌లోని వేల్స్‌కు వాయవ్య మూలన, హ్లీన్ ద్వీపకల్పంలో, హ్లిత్‌వైన్ అనే చిన్న ఊరు ఉంది. కొండ దిగువన, రాతి క్వారీల మీద బతికిన ప్రాంతమది. క్వారీలు మూతపడ్డాయి. పడుచువాళ్లు పనుల కోసం వలసపోయారు. ఆ చుట్టుపక్కల ఇళ్లను సెలవులు గడపడానికి ఇంగ్లండు నుంచి వచ్చేవాళ్లు కొనుక్కోసాగారు. చివరికి ఊరి పబ్బుకూ గడ్డుకాలం వచ్చింది. 1988లో గ్రామస్థులే సహకార పద్ధతిలో దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. తావర్న్ అ విక్ దాని పేరు. అక్కడ గ్లాసు అడిగేదీ, పాట పాడేదీ, పోట్లాడేదీ వెల్ష్ భాషలోనే.

మద్యశాలను మెచ్చుకోవడమేమిటని కొందరికి కోపం రావచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీద లేవదీసిన ఉద్యమం మనకు గర్వకారణమే. ఆ పల్లె పబ్బు వేరు. కుటుంబాలతో వచ్చి భోంచేస్తారు, సభలు పెట్టుకుంటారు. మన రచ్చబండకు కప్పు వేసి, పొయ్యి పెట్టినట్టు ఊహించుకోండి.

పబ్బు ఒక్కటే కాదు. పొరుగున ఉన్న హ్లనైల్‌హైయర్న్ గ్రామంలో బడి మూసేస్తామంటే ఊరు ఎదురు తిరిగింది. ఆ ఊపులోనే 1974లో ఊరందరి సహకార సంఘం పుట్టింది. ముందు నిలిచిన డాక్టర్ కార్ల్ క్లౌస్ మాంచెస్టర్‌లో పుట్టి, పెద్దయ్యాక వెల్ష్ నేర్చుకున్నవారు. కొండకు ఆవల, సముద్రపుటొడ్డున జనం విడిచిపోయిన నాంత్ గుర్థైర్న్ అనే క్వారీ పల్లెను ఆయన, ఆయన సహచరులు 1978లో ఒక ట్రస్టు ద్వారా కొన్నారు. పాడుబడ్డ ఇళ్లను బాగుచేసి వెల్ష్ నేర్పే కేంద్రంగా మలిచారు.

ఇన్ని చేసినా వేల్స్‌లో ఆ భాష వచ్చినవారు 2011 జనగణనలో 19 శాతం ఉండగా 2021 నాటికి 17.8 శాతానికి తగ్గారు. ఈ ఊళ్లున్న గ్వినెద్ ప్రాంతంలో 65.4 నుంచి 64.4కు తగ్గారు. 2011లో అధికార హోదా ఇచ్చిన చట్టం ఉండీ వారి పరిస్థితి అది. పబ్బు కొంటే భాష బతికిపోతుందని నేను చెప్పబోవడం లేదు. అయితే ఆ భాష ఈనాటికీ పూచీ లేకుండా, సిగ్గు లేకుండా వినిపించే చోట్లలో విక్ ఒకటి. మనకు అటువంటి చోటు ఎక్కడుంది?

టీ అంగడి చాలదు. అక్కడ మగవాళ్లే కూర్చుంటారు, బిడ్డకు నుడి అందించే తల్లి అక్కడికి రాదు. నా దృష్టిలో మనకు పనికివచ్చేది భజనమందిరపు అరుగు. ఆడా మగా, పిల్లా జెల్లా సంకోచం లేకుండా చేరేది అక్కడే. వారానికి ఒక సాయంత్రం, ఒక తెలుగు దినపత్రిక, పిల్లలకు నాలుగు కథల పుస్తకాలు, కథ చెప్పగల ఒక అవ్వ ఉంటే మొదలుపెట్టవచ్చు. ఆ పూట కుర్రవాడు తమిళంలో అడిగినా పెద్దలు తెలుగులోనే జవాబివ్వాలి, కసరకుండా. తమిళుల పిల్లలు వచ్చి కూర్చుంటే మరీ మంచిది. దీనికి కలెక్టరు అనుమతి అక్కరలేదు.

పొన్నై, గుడియాత్తం చుట్టుపక్కల వాడుక లేక తాళంపడిన మందిరాలు, సంఘపు గదులు ఎక్కడెక్కడ ఉన్నాయో, తాళపుచెవి ఏ పెద్దల చేతిలో ఉందో మాకు రాయండి. వారితో మాట్లాడే బాధ్యత నాది.