గలతియా తీరం కోసం మన గ్రామసభ తీర్మానం చేయాలి

జుక్కల్, మద్నూర్, బిచ్కుంద, పిట్లం, నిజాంసాగర్ మండలాల అన్నలకు, అక్కలకు, యువతకు విజ్ఞప్తి!

బంగాళాఖాతం చివర, సుమత్రాకు దగ్గరగా గ్రేట్ నికోబార్ అనే దీవి ఉన్నది. మన దేశానికి దక్షిణపు కొస అదే. విస్తీర్ణం 910 చదరపు కిలోమీటర్లు, అందులో చాలా భాగం దట్టమైన వానల అడవి. ఆ అడవిలో 130 చదరపు కిలోమీటర్ల భూమిని మళ్లించి గలతియా తీరాన కంటైనర్ల ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం, విద్యుత్ కేంద్రం కట్టడానికి కేంద్ర ప్రభుత్వం పూనుకున్నది. మొదటి అంచనా 72 వేల కోట్ల రూపాయలు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. తొమ్మిది లక్షలకు పైగా చెట్లు పోతాయని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది.

సముద్రమే చూడని జుక్కల్‌కు ఆ దీవి గొడవ ఎందుకని అడిగేవాళ్లున్నారు. అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక్క సభ్యుడు. అక్కడి మనుషుల మాట ఢిల్లీకి చేరాలంటే మనలాంటి ఊళ్లు గొంతు కలపాలి. పైగా వాళ్లు మనకు పరాయివాళ్లు కూడా కాదు. 1969 నుంచి ఆ దీవిలో ప్రభుత్వం స్థిరపరిచిన మాజీ సైనికుల కుటుంబాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లున్నారు.

గలతియా తీరంలో ఏముందో తెలుసుకుందాం. ప్రపంచంలోకెల్లా పెద్ద సముద్రపు తాబేలు లెదర్‌బ్యాక్ గుడ్లు పెట్టే చోట్లలో అది ఒకటి. నాలుగైదు క్వింటాళ్ల బరువుండే తల్లి తాబేలు చీకటి పడ్డాక ఒడ్డెక్కుతుంది. వెనక కాళ్లతో ఇసుకలో లోతుగా గుంత తవ్వి గుడ్లు పెడుతుంది, ఇసుకతో పూడ్చి, తెల్లవారేలోపు కడలిలోకి వెళ్లిపోతుంది. ఆ తీరానికి పైనే, అడవి అంచున, నికోబార్ మెగాపోడ్ అనే పక్షి ఉంటుంది. అది గుడ్లను పొదగదు. ఇసుక, రాలిన ఆకులు కుప్పగా పోసి గుడ్లు అందులో పెడితే, కుళ్లే ఆకుల వేడికే పిల్లలవుతాయి. ఈ తీరాన్ని అభయారణ్యంగా కాపాడుకున్న దేశమే 2021 జనవరిలో ఓడరేవు కోసం ఆ హోదా తీసేసింది. సరిగ్గా మరుసటి నెలలో విడుదలైన జాతీయ సముద్ర తాబేళ్ల కార్యాచరణ ప్రణాళికలో గలతియా పేరు ముఖ్యమైన చోటుగా ఉన్నది!

మనుషుల సంగతి ఇంకా బాధాకరం. ఆ అడవిలో షోంపెన్ ఆదివాసులు ఉంటారు. 2011 జనగణన ప్రకారం 229 మంది. బయటివాళ్ల జబ్బులను తట్టుకునే శక్తి వాళ్ల ఒంట్లో లేదు. ఎనిమిది వేల మంది ఉన్న దీవికి లక్షల మందిని తెస్తే షోంపెన్ జాతే మిగలదని 13 దేశాల పండితులు 39 మంది 2024లో హెచ్చరించారు. తీరాన ఉండే నికోబారీలు 2004 సునామీలో ఊళ్లు పోగొట్టుకుని అదే దీవిలోని క్యాంప్‌బెల్ బే దగ్గర తలదాచుకున్నారు. తిరిగి మా నేలకు పంపండని అడుగుతూనే ఉన్నారు. ప్రాజెక్టుకు ముందు సమ్మతి ఇచ్చిన వాళ్ల గిరిజన మండలి, తమ పూర్వీకుల భూములూ అందులో ఉన్నాయని తెలిసి 2022 నవంబరులోనే దాన్ని వెనక్కి తీసుకున్నది. వెనక్కి తీసుకున్న సమ్మతి మీద పని నడపడం అన్యాయం.

నరికిన అడవికి బదులుగా హర్యానాలో మొక్కలు నాటుతారట. షోంపెన్ మనిషి హర్యానాకు వెళ్లి వేటాడాలా?

అభివృద్ధికి మేం వ్యతిరేకం కాదు. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద మనవాళ్లు వరి పండించుకున్నారు. దాని కోసం 40 ఊళ్లు ఖాళీ అయిన సంగతి, తర్వాత పూడిక చేరి నిల్వ సగానికి పైగా పడిపోయిన సంగతీ మనకే తెలుసు. పూడిక తీయొచ్చు, గేట్ల ఎత్తు పెంచొచ్చు. వేల ఏళ్ల అడవిని ఏ ఇంజనీరు తిరిగి కడతాడు? పైగా అది భూకంపాల నేల. 2004లో దీవి దక్షిణపు కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయి, లైట్‌హౌస్ అడుగు నీళ్లలో మునిగింది.

దేశ రక్షణ అంటారు. రక్షణ అవసరమే, అందుకే క్యాంప్‌బెల్ బేలో నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ బాజ్ 2012 నుంచి పనిచేస్తున్నది. దాన్ని బలపరచడానికి కొత్త పట్టణం అక్కర్లేదు. కంటైనర్ల మార్పిడికి కేరళలో విళింజం ఓడరేవు 2025లో జాతికి అంకితమైంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2023లో వేయించిన ఉన్నత స్థాయి కమిటీ నివేదికను కూడా రహస్యమంటూ ప్రజల ముందు పెట్టలేదు. దాచాల్సిన నివేదిక మీద ఆధారపడి అడవిని కొట్టడం ఒప్పుకోరానిది.

మన గొంతు ఎవరు వింటారనుకోకండి. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడానికి రాత్రికి రాత్రి బుల్డోజర్లు దిగితే, విద్యార్థులు, నగర ప్రజలు అడ్డం నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపింది.

గలతియా పనులు ఆపాలి, కమిటీ నివేదిక బయటపెట్టాలి, నికోబారీలను వాళ్ల నేలకు పంపాలి. ఈ మూడు మాటలతో ప్రతి ఊరి గ్రామసభా తీర్మానం చేసి రాష్ట్రపతికి, కేంద్ర పర్యావరణ శాఖకు, మన పార్లమెంటు సభ్యుడికి పంపాలి. వచ్చే గ్రామసభకు తప్పకుండా రండి, సర్పంచ్‌ని అడిగి ఈ అంశాన్ని ఎజెండాలో పెట్టించండి, చెయ్యెత్తి మద్దతు తెలపండి.